తుపాకీ పాడవలేదమ్మా

మొన్న అబుదాబీలో వేట సామాన్ల ప్రదర్శనకు వెళ్తే, రైఫిళ్లకు పూసిన నూనె వాసన తగలగానే నాకు చేపల మార్కెట్ గుర్తొచ్చింది.

నాకప్పుడు ఆరేళ్లు. అమ్మ ఖోర్ ఫక్కాన్‌లో ఒక అరబ్బు ఇంట్లో వంట చేసేది. ఇంటి యజమానిని బాబా అనేవాళ్లం. ఓసారి ఇలాంటి ప్రదర్శనలోనే, మొదటిరోజే, ఆయన ఒక వేట రైఫిల్ మీద మనసు పడి, ఇంటికొచ్చి దాని ధర చెప్పారు. అమ్మ ఊరుకోలేకపోయింది.

"అబీ నై బాబా! ఆఖరీ దిన్ జావో" అంది, ఇప్పుడొద్దు, ఆఖరిరోజు వెళ్లమని. అమ్మేవాళ్లు సరుకు వెనక్కి మోసుకుపోలేక తగ్గించి ఇచ్చేస్తారని ఆమె నమ్మకం. చేపలు కూడా మార్కెట్ కట్టేసే వేళకే కొనేది. సాయంత్రానికి చేప పాడవుతుంది కనుక చౌక. తుపాకీ కూడా అంతేననుకున్నాను.

బాబా ఆగారు. అమ్మకు మాత్రం ముద్ద దిగలేదు. "ఈలోగా ఎవడైనా కొనేస్తే నా పనేంటే?" అనేది నాతో.

ఆఖరిరోజు మమ్మల్నీ తీసుకెళ్లారు. రైఫిల్ అక్కడే ఉంది. అమ్మేవాళ్లు ధర బాగా తగ్గించి, తోలు సంచీ కూడా ఊరికే ఇస్తామన్నారు. నేను ముందుకెళ్లి తుపాకీని గట్టిగా వాసన చూసి, "పాడవలేదమ్మా, తీసుకోమను" అన్నాను. అమ్మ హిందీలో చెబితే బాబా కళ్లు తుడుచుకుంటూ నవ్వారు.

అంతకుముందు ఆయన వంటింటి గుమ్మంలోకి వస్తే అడిగేది ఒక్కటే, ఖానా అయిందా అని. ఆ తర్వాత ఫ్రిజ్ కొనాలన్నా, కారు కొనాలన్నా అక్కడికే వచ్చేవారు.

"ఆజ్, యా ఆఖరీ దిన్?" ఇవాళా, ఆఖరిరోజా అని.

అమ్మ గరిటె పక్కన పెట్టి, కాసేపు ఆలోచించి గానీ జవాబు చెప్పేది కాదు.