ఎర్ర బటన్

తార్నాకలో ఒక రిపేరు షాపు అద్దం వెనక నిన్న మా పాత టేప్ రికార్డర్ లాంటిదే కనబడింది. పైన సీడీ మూత, ముందు క్యాసెట్ తలుపు, పక్కన రేడియో ముల్లు. మీకు గుర్తుందా, ఎర్ర బటన్ నొక్కితే ప్లే కూడా దానంతటదే కిందికి దిగేది?

అప్పుడు మేం యూనివర్సిటీ క్వార్టర్స్‌లో ఉండేవాళ్ళం. మాది కోస్తా. నా క్లాస్‌మేట్ స్వరూప వారాసిగూడ నుంచి పాటలు వినడానికి వచ్చేది. ఒకరోజు తనకు తెలియకుండా ఎర్ర బటన్ నొక్కాను.

"ఏందే, గట్ల చూస్తున్నవ్? పాట పెట్టు. మా అమ్మ ఒర్లుతది, జల్ది పోవాలె."

క్యాసెట్ వెనక్కి తిప్పి, తన ముందే మా అమ్మకీ పక్కింటి ఆంటీలకీ వినిపించాను. "గట్ల అంట!" అని అమ్మ కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. స్వరూప కూడా నవ్వింది, మొదటిసారి మాత్రం. నేను నాలుగుసార్లు వేశాను.

ఆ తర్వాత మా ఇంట్లో నోరు తెరిచే ముందు ఎర్ర బటన్ వైపు చూసేది.

చిన్నపిల్లలం, తెలియక చేశామని అనకండి. తెలియకపోతే రివైండ్ ఎందుకు చేస్తాను?

నిన్న ఆ షాపు ముందే నిలబడి స్వరూపకు ఫోన్ చేశాను. సరదాగా తన యాసలోనే, "ఏందే, మన టేప్ రికార్డర్ యాదికున్నదా?" అన్నాను.

స్వరూప అచ్చం మా అమ్మ మాట్లాడినట్టే అడిగింది:

"ఇది రికార్డ్ అవుతోందా అండీ?"