రంగు పూసిన పీతలు

జంతువుల జనాభా పాఠం చెప్పడం నాకెప్పుడూ కష్టం కాలేదు. పుస్తకంలోని పులులనీ జింకలనీ మా కాట్రేనికోన వైపు పిల్లలు ఎన్నడూ చూసి ఉండరు కాబట్టి ప్రశ్నలు వేసేవారు కాదు. నాకూ హాయిగా ఉండేది. ఆ ఏడు నా బుద్ధి గడ్డి తిని, మన మడ అడవిలో మండపీతలు తగ్గుతున్నాయా లేదా అని తొమ్మిదో తరగతిని అడిగాను.

ఒక అమ్మాయి లేచి నిలబడింది. వారమంతా బడి దగ్గర అమ్మమ్మ ఇంట్లో ఉండి, ఆదివారం మాత్రం సొంత ఊరు వెళ్లే పిల్ల. వాళ్ల నాన్న పీతలు పట్టి అమ్ముతాడు.

"మా నాన్న పడవ అమ్మేసి రొయ్యల చెరువు కాపలాకి వెళ్లిపోదామా అంటన్నారండి. వెళ్లమంటారా, వద్దంటారాండి?"

పాఠం ఇలా నా మెడకు చుట్టుకుంటుందని అనుకోలేదు. లెక్కపెట్టి చెబుతానన్నాను. ఏ ధైర్యంతో అన్నానో ఇప్పటికీ తెలియదు.

పద్ధతి మాత్రం తేలికే. కొన్ని పీతలు పట్టి, గుర్తు పెట్టి వదిలేయాలి. వారం తర్వాత మళ్లీ పట్టాలి. పడినవాటిలో గుర్తున్నవే ఎక్కువైతే మొత్తం పీతలు తక్కువని అర్థం. గుర్తున్నవి తక్కువైతే పీతలు బోలెడున్నట్టు. శనివారం పిల్లలతో పాయ దగ్గరికి వెళ్లి, ముప్పై పీతలు పట్టి, ఆ అమ్మాయి తెచ్చిన ఎర్ర గోళ్లరంగు డిప్పలకు పూసి వదిలేశాం.

మళ్లీ శనివారం అవే వలలు, అదే చోటు. ఏడు పీతలే పడ్డాయి. వాటిలో ఒక్కదానికీ రంగు లేదు!

పిల్లలు ఈలలు వేశారు. సూత్రం ప్రకారం పీతలు లెక్కలేనన్ని. నాకేమో బుట్ట అడుగున కదులుతున్న ఏడే కనిపిస్తున్నాయి. రంగు నీళ్లకు పోయిందా? సూత్రం తప్పా? నేను తప్పా? ఆ ఆదివారమంతా కాగితాల మీద కొట్టివేతలే. బుర్ర వేడెక్కి ఇంట్లోవాళ్ల మీద కేకలు కూడా వేశాను.

సోమవారం ఆ అమ్మాయి నాన్న బడికి వచ్చాడు. చేతిలో తడి గోనెపట్టా కప్పిన పెద్ద బకెట్టు.

"మేడంగారండీ, మీ పీతలండి. రంగేసినవి మేడంగారివి, అమ్మెయ్యొద్దని మా అమ్మాయి పోయిన ఆదివారం చెప్పిందండి. మావోళ్లందరి వలల్లో పడ్డవీ ఏరి తెచ్చేనండి. వారం నుంచీ చేపముక్కలేసి జాగ్రత్త చేసేమండి."

మా వైపు కోళ్లు కలిసిపోకుండా ఎవరి రంగు వారు రెక్కలకు పూస్తారు. రంగు కోడి దారి తప్పి వస్తే, కోయకుండా ఆ ఇంటికే పంపడం మర్యాద. నా పీతలకూ ఆ మర్యాదే దక్కింది. నవ్వొచ్చింది, ఆయన మంచితనానికి కళ్లు కూడా చెమర్చాయి.

ఆ అమ్మాయి బకెట్టు పక్కన కూర్చుని లెక్కపెట్టింది. ఇరవై ఆరు.

"ముప్పైకి ఇరవై ఆరండి," అంది మెల్లగా. "వారంలోనే."

  వారంలో రంగువాటిలో నాలుగు తప్ప అన్నీ వలల్లో పడ్డాయంటే, రంగు లేనివీ అలాగే పడి ఉంటాయి; పాయలో ఇక మిగిలినవి కొన్నే. నేను రెండు రోజులుగా వెతుకుతున్న జవాబు గోనెపట్టా కింద కాళ్లు కట్టేసి ఉంది. దాన్ని మోసుకొచ్చినాయన ముఖం మాత్రం వెలిగిపోతోంది.

"లెక్క కుదిరిందాండీ? పీతలు బాగానే ఉన్నట్టేనాండి?"

చెప్పాలా? చెబితే పడవ పోతుంది. చెప్పకపోతే మరో ఏడాది ఆ ఖాళీ పాయలో తిరుగుతాడు. 

"ఆయ్," అని తలూపాను.

ఆయన దండం పెట్టి వెళ్లిపోయాడు. ఆ అమ్మాయి మాత్రం నా వైపే చూస్తూ నిలబడింది.