దత్తాత్రి బండిలో ఆరు పడకలు

లాతూరు వైపు భూకంపం వచ్చిన ఏడాది దత్తాత్రి ఉన్న రెండు మరమగ్గాల్లో ఒకటి అమ్మి, వేలంలో పాత మిలిటరీ ట్రక్కు కొన్నాడు. మళ్లీ భూమి కదిలితే పెళ్లాం పిల్లల్ని ఎక్కించుకొని పారిపోవడానికేనని బీడీ కార్మికుల కాలనీ విడీ ఘర్కుల్ అంతా పుకారు.

బీడీలు అప్పజెప్పే చోట పక్కింటి శాంత దత్తాత్రి పెళ్లాన్ని అందరూ వినేట్టు అడిగింది. "ఏం బాలమణక్కా, మీరు బండెక్కి పోతరు, మేం మట్టిల పోతం. గంతే గదా?"

బాలమణికి ఒళ్లు మండిపోయింది. ఇంటికి రాగానే ట్రక్కులో పనిచేస్తున్న మొగుడి మీద విరుచుకుపడింది.

"మగ్గం పాయె, ఇజ్జత్ పాయె. మనం యాడ గూసుంటమో జూపియ్యి."

లోపల నీళ్ల డ్రమ్ము, మగ్గం పాత బెల్టు పట్టీలు అల్లి బిగించిన ఆరు పడకలు ఉన్నాయి. అన్నీ ఒక్క పొడుగు లేవు.

"గీ పొట్టిది శాంత అత్తది," అన్నాడు దత్తాత్రి కటువుగా. "నడుమిరిగి ముడుచుకొనే పంటది. మొన్న భూమి కదిలితే అందరం బయటికురికినం, ఆమెను మంచంల ఇడిసిపెట్టి. నువ్వు సుత, నేను సుత. చద్దరు గప్పినట్టు జేసి కొలుచుకొచ్చిన."

"మరి శాంతకు జెప్పవేంది?"

"జెప్తే ఊకుంటదా? మనిషి బతికుండంగనే పాడె కొలిచినవా అని మీద పడ్తది."

బాలమణి పళ్లు కొరికింది. రేపు శాంత మళ్లీ అదే మాట అంటే నోరు మూసుకొని పడాలి.

ఆ ఆరు పడకలూ వాడలో లేవలేని ఆరుగురివి. దత్తాత్రి ఇంటివాళ్లకు ఆ బండిలో చోటు లేదు.