డార్విన్ రేవులో నాన్న

మా నాన్న డార్విన్ వచ్చింది తొంభైలో, వానలు లేని కాలంలో. నేనక్కడ ఆసుపత్రిలో నర్సుగా చేస్తున్నాను. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబులు పడి నేలమట్టమై, మళ్లీ కట్టుకున్న ఊరది. ఆ తర్వాత తుఫానుకు కూలి ఇంకోసారి లేచింది. పాతదంటూ చూపించడానికి రేవు తప్ప పెద్దగా ఏమీ మిగల్లేదు. నాన్న విశాఖ రేవులో పనిచేసి రిటైరైన మనిషి. అందుకని ఓ ఆదివారం చర్చి అయ్యాక ఆయన్నీ, ఐదేళ్ల మా పాపనీ అక్కడికే తీసుకెళ్లాను.

బాంబులకు మునిగిన ఓడల గురించి రాసిన పలక ముందు నాన్న చాలాసేపు నిలబడ్డాడు. ఇద్దర్నీ బెంచీ మీద కూర్చోబెట్టి చిప్స్ కొనడానికి వెళ్లాను. లైన్లో ఉండగా వైమానిక దళం జెట్లు రెండు రేవు మీదుగా బాగా కిందుగా దూసుకుపోయాయి. మాకది మామూలే. తలెత్తి కూడా చూడలేదు.

తిరిగొచ్చేసరికి బెంచీ ఖాళీ.

రెయిలింగు పక్కన నాన్న చెప్పు ఒకటి పడి ఉంది. కింద సముద్రం పోటు మీదుంది. డార్విన్‌లో పోటు వస్తే చూస్తుండగానే రాళ్లు మునిగిపోతాయి. పక్కనే మొసళ్లున్నాయని హెచ్చరించే బోర్డు. పాపను పిలుస్తూ రెయిలింగు మీంచి వంగి చూశాను. గాలం వేసుకుంటున్న ముసలాయన నా ముఖం చూసి, "డౌన్ దేర్, లవ్. అండర్ ద వార్ఫ్" అని రేవు వంతెన కిందికి చెయ్యి చూపించాడు.

నాచు పట్టిన మెట్ల మీద జారుతూ దిగాను. నాన్న ఒక స్తంభానికి వీపు ఆనించి, పాపను ఒళ్లో అదుముకుని, దాని చెవులు రెండు చేతులతో మూసి కూర్చున్నాడు. నీళ్లు ఆయన నడుము దాకా వచ్చేశాయి.

"మమ్మీ, తాతయ్య ఈజ్ హర్టింగ్ మై ఇయర్స్."

"లే నాన్నా, నీళ్లొచ్చేస్తున్నాయి."

"అరవకమ్మా. ఆ ఇమానాలు ఎళ్లినట్టే ఎళ్లి మళ్లీ వస్తాయి."

"అవి ఇక్కడివాళ్లవే నాన్నా, ప్రాక్టీసు చేసుకుంటున్నారు."

"అప్పుడూ మనవేననుకున్నాం. చేతులూపాం."

ఆయన ఎటు చూస్తున్నాడో తెలియలేదు. పాపను లాగబోతే ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. ఒక అల వచ్చి దాని గడ్డం తడిపింది. ఏం తోచక, "పైన గట్టి గోడుంది నాన్నా, దానెనక దాక్కుందాం పద" అన్నాను. వెంటనే లేచాడు. గాలం ముసలాయన వంగి పాపను అందుకున్నాడు.

ఆ యుద్ధంలో విశాఖ మీదా బాంబులు పడ్డాయని వినడమే కానీ, నాన్న ఆ రోజు రేవులో ఉన్నాడని నాకు తెలియదు. కారులో తడి బట్టలతో వణుకుతూ చెప్పాడు. "నా పక్కన నిలబడి చెయ్యూపినోడు మా తమ్ముడమ్మా." నాకో చిన్నాన్న ఉండేవాడని అప్పుడే విన్నాను.

ఇంటికొచ్చాక పాపకు తనే వేడినీళ్లు పోసి, చెవులు నొప్పెడుతున్నాయా అని పదేపదే అడిగాడు. నేను బాత్రూం గుమ్మంలోంచి కదల్లేదు. ఆయన విశాఖ విమానం ఎక్కేదాకా వాళ్లిద్దర్నీ ఒంటరిగా వదలడానికి నాకు ధైర్యం చాల్లేదు.