వంగిన గీత

రక్తం తీసే ముందు మోచేతి మడతలో దూదితో స్పిరిట్ రాస్తారు కదా, ఆ చల్లదనం తగిలి ఆ వాసన వచ్చిందంటే నాకు గుర్తుకొచ్చేది ఆసుపత్రి కాదు. కేజీఎఫ్‌లో, చాంపియన్ రీఫ్స్ క్వార్టర్సులో ఒక ముందుగది, కిటికీ పక్కన బల్ల, బల్లమీద పడుకోబెట్టిన ఎయిర్‌గన్, దాని వీపుమీది గాడిని స్పిరిట్ గుడ్డతో తుడుస్తున్న దొరస్వామి అన్న. మొన్న కోలారులో చెమ్మగిల్లిన నా కళ్లు చూసి నర్సు, "నొప్పి పుడుతోందా సార్?" అంది. అవునన్నాను. అబద్ధం. అంత తేలిగ్గా నేను ఇంకొకసారి కూడా అవునన్నాను. ఇది ఆ సంగతి.

బంగారు గని నడిచినన్నాళ్లు ఆయన అందులో కొలత పరికరాలు బాగుచేశారు. గని మూతపడ్డాక చుట్టుపక్కల ఊళ్లనుంచి ఎయిర్‌గన్లు ఆయన బల్లమీదికి వచ్చేవి. నేను పక్కింట్లో అద్దెకున్న కాలేజీ అధ్యాపకుణ్ణి. ఆదివారం వస్తే ఏదో ఒక సభ. జాతకాల మీద, చేతబడి మీద, బూడిద పంచే బాబాల మీద గొంతు బొంగురుపోయేదాకా మాట్లాడేవాణ్ణి. ఆధారం లేనిది నమ్మవద్దని అరవడం నాకు బాగా వచ్చు. ఆధారాన్ని ఎలా సంపాదించాలో మాత్రం ఈ మనిషి దగ్గర చూసి నేర్చుకున్నాను. ఆయన జన్మలో వేదిక ఎక్కలేదు.

స్కోపు అంటే తుపాకీ మీద బిగించే చిన్న దుర్బీను. లోపల కూడిక గుర్తులా రెండు గీతలుంటాయి. కొన్నింటిలో మీట తిప్పితే ఆ గీతలు ఎర్రగా వెలుగుతాయి. చీకటి గోదాములో నల్లగీత కనపడదు కనుక ఆ ఏర్పాటు. దాన్ని బిగించడానికి ఆయన ఒక పూట తీసుకునేవారు. స్ప్రింగు తుపాకీ వెనక్కీ ముందుకీ తంతుంది, గాడిలో జిడ్డు మిగిలితే స్కోపు జారుతుంది. అందుకే ఆ స్పిరిట్. స్కోపును పట్టి ఉంచే పట్టీల మరలను ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించాలి. పెరట్లో జామచెట్టుకు దారం కట్టి కింద ఇనుప నట్టు వేలాడదీసేవారు. తుపాకీని తలగడమీద సమంగా ఆనించి, నిలువుగీత ఆ దారంతో కలిసేదాకా స్కోపును పట్టీల్లో తిప్పేవారు. "దారానికి మొహమాటం లేదప్పా. ఎవురు కట్టినా నేరుగానే నిలబడతాది" అనేవారు.

తర్వాత పరీక్ష. దానికి గనినుంచి తెచ్చుకున్న నియమం ఒకటుంది. బల్లమీద రెండు చీటీలు, రెండు పెన్సిళ్లు. స్కోపులో ఆయన చూసి, గీత ఎలా ఉందో తన చీటీలో రాసి బోర్లా పెట్టేవారు. నేను చూసి నా చీటీలో రాయాలి. అంతవరకు ఇద్దరమూ నోరు మెదపకూడదు.

"ఒకరు చూస్తే చాలదా అన్నా?" అన్నాను మొదట్లో.

"గని లోపల ఏ కొలతైనా ఇద్దురు సూడాల. పలక మీద ఎవురిది వాళ్లు రాయాల. రెండూ ఒకటైతేనే కొలత. మొదుటోడు చెప్పేసినాడనుకో, ఇంగ రెండోడు కంటితో సూడడు, చెవితో సూస్తాడు."

ముళబాగిలు బజారులో బియ్యం అంగడి ఉన్న శెట్టి, గోదాములో పందికొక్కుల బాధకు ఎయిర్‌గన్ పెట్టుకున్నాడు. ఒకసారి ఆయుధపూజ అయిన వారానికి దాన్ని చంకలో పెట్టుకొని వచ్చాడు. గొట్టానికి నిమ్మకాయ వేలాడుతోంది.

"గురి కుదరడం లే అన్నా. ఎవురో కన్నేసినారు."

దొరస్వామి అన్న స్కోపును వెలుతురుకెత్తి చూశారు. "కన్నేసింది నువ్వే శెట్టీ. కుంకం తీసుకపోయి అద్దం నడిమధ్యన పెట్టినావే!"

అంతే, నేను అందుకున్నాను. దిష్టి, నిమ్మకాయ, మూఢత్వం, దేశం వెనకబాటు. పావుగంట. శెట్టి మొహం మాడ్చుకొని, తుపాకీ తీసుకొని వెళ్లిపోయాడు.

"గెలిచినావు కదా" అన్నారు ఆయన అద్దం తుడిచిన గుడ్డ మడుస్తూ. "ఆయప్ప ఏం నేర్చుకొని పోయినాడు? సుమ్నే, ఊరికే అరిచినావు. బొట్టు తుపాకీ కట్టె మీద పెట్టుకో, అద్దం మీద వద్దు అంటే చాలుండె."

రెండేళ్లకు అదే శెట్టి, ఎర్రగా వెలిగే కొత్త స్కోపు తెచ్చాడు. దొరస్వామి అన్న బిగించి, పెరట్లో మట్టి నింపిన పెట్టెకు కాగితం అంటించి అయిదు గుళ్లు కాల్చారు. ఆయన కాలిస్తే అయిదూ రూపాయి బిళ్ల కింద దాగేవి. ఆ రోజు అరచేయంత మేర చెదిరాయి. వెలుగు తగ్గించి చూశారు, పెంచి చూశారు. చీటీలు బల్లమీదే ఉన్నాయి. ఆయన వాటిని ముట్టలేదు.

"నిలువుగీత నడిమికి కొంచెం పైన వంగిండాది. నువ్వు సూడప్పా. వంగిండాది కదా?"

చూశాను. గీత జామచెట్టు దారంలా నేరుగా ఉంది. తలెత్తాను. ఆయన బల్ల అంచును పట్టుకొని ఉన్నారు, వేళ్ల కణుపులు తెల్లబడేంత గట్టిగా. కన్నే జీవనమైన మనిషి.

"అవునన్నా, కొంచెం వంగింది" అన్నాను.

"నాకు తెలుసప్పా" అని ఊపిరి వదిలారు.

శెట్టి దాన్ని మార్చి ఇంకొకటి తెచ్చాడు. అందులోనూ గీత వంగిందన్నారు. అందులోనూ నేను అవునన్నాను. "ఇప్పుటి సరుకంతా ఇంతే" అని శెట్టికి పాత స్కోపే బిగించి పంపారు. కొత్తది బల్లమీద ఉండిపోయింది. ఆ నెలల్లోనే నేను మాలూరు సభలో, రోగులకు తియ్యటి అబద్ధాలు చెప్పే బాబాలను హంతకులన్నాను. చాలా చప్పట్లు వచ్చాయి.

ఏడు నెలల తర్వాత ఒక పొద్దున ప్రహరీ మీదుగా పిలిచారు. బల్లమీద ఆ కొత్త స్కోపే, పట్టీలు వదులుగా ఉన్నాయి.

"దీన్ని పావు చుట్టు తిప్పినా. వంకర గీతదైతే గీతతో కూడా తిరగాల కదా? తిరగలే. అడ్డగీత నిలువుకొస్తే అదీ ఆ చోటే వంగింది. ఎంత తిప్పినా వంకర ఆడనే ఉండాది." చూపుడువేలు కుడికంటి దగ్గర పెట్టుకున్నారు. "ఇంగ ఎడమ కంటితో సూసినా. గీత నేరుగా ఉండాది."

నేను నేలకేసి చూస్తున్నాను.

"నువ్వు లేదనింటే ఆ పొద్దే తిప్పి సూసింటా" అన్నారు. కోపం లేదు ఆ గొంతులో. ఉంటే బాగుండేది.

కంటి వెనక పొరలో నెత్తురు ఊరుతోందని కోలారు డాక్టరు చెప్పింది. ఆరు నెలల ముందు వచ్చి ఉంటే చాలావరకు నిలబెట్టేవాళ్లమంది. సూదులు వేశారు. కుడికంటి నడుమ నల్లమచ్చ మిగిలిపోయింది.

ఆసుపత్రికి తిరగడం ముగిశాక ఆయన ఆ స్కోపును శెట్టి తుపాకీకి ఎడమకంటితో బిగించారు. రోజంతా పట్టింది. రెండు చీటీలు పెట్టారు. ఆయన రాశారు, నేను రాశాను. తిప్పి పక్కపక్కన పెట్టి చాలాసేపు చూసి, "ఇది కొలత" అన్నారు. ఆ తర్వాత ఏ తుపాకీనీ ఇంటిలోకి రానివ్వలేదు. కిటికీ పక్కన ఊరకే కూర్చునేవారు. ఆయన పోయి రెండేళ్లయింది.

"బాగైపోతుంది కదా?" "ఇది నిజమే కదా?" అని ఎవరైనా నా మొహంలోకి ఆశగా చూస్తూ అడిగితే నాకు తెల్లబడిన ఆ కణుపులు కనపడతాయి. వెంటనే జవాబు చెప్పను. కాగితం, పెన్సిలు అడుగుతాను. నవ్వుతారు, కొందరు నొచ్చుకుంటారు.

ఆ రెండు చీటీలు నా దగ్గరే ఉన్నాయి. ఆయన అక్షరాలు వరస తప్పి ఒకదానిమీద ఒకటి ఎక్కాయి. నావి స్పష్టంగా ఉన్నాయి: గీత నేరుగా ఉంది. రాయాల్సిన రోజున నేను రాయని మాట అది.