మెంబరు కాదు, మింబరు

పక్షవాతంతో నోరు పడిపోయాక మా నాయనకు మిగిలింది ఒక్కటే మాట. అది మాకు "మెంబర్" అని వినిపించింది. అవి ఎన్నికల రోజులు. ఆయన పార్టీ మనిషి కూడా. అందుకని అమ్మ మా వార్డు మెంబరును వేలూరు ఆసుపత్రికి పిలిపించింది.

మెంబరు కండువా సర్దుకుని, "ఏం కావాలన్నా? చెప్పు" అని చేయి పట్టుకున్నాడు. నాయన చేయి విదిలించుకున్నాడు. అదే మాట గట్టిగా అరుస్తూ తల దిండుకేసి కొట్టుకున్నాడు.

పక్క మంచం మీద పేర్ణాంబట్టు సాయిబు ఒకాయన ఉన్నాడు. తోళ్ల ఫ్యాక్టరీలో పని. "మెంబర్ కాదమ్మా, మింబర్ అంటా ఉండాడు," అన్నాడు. "మసీదులో ఇమాం ఎక్కి ప్రసంగం చేసే మెట్ల పీఠం. అరబ్బీలో మిన్బర్, మా ఉర్దూలో మింబర్. తమిళంలో మేడై అంటే సరిపోతాది."

గుడియాత్తంలో మాది కలప అడితి. నాయనకు వడ్రంగం పని వచ్చు. పేర్ణాంబట్టు మసీదుకు అలాంటిదే, మేము మసీదు మెట్లు అనేది, చేస్తూనే కుప్పకూలాడు. మేము ఆసుపత్రిలో ఉండగా, పని అయిపోయిందనుకుని కూలీలు దాన్ని బండిలో పంపేశారు.

"నాయనా, మసీదు మెట్లా?"

తలూపాడు.

"ఏమన్నా బిగించకుండా వదిలేసినావా?"

ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

"కింద మెట్టా?"

కాదన్నట్టు తల తిప్పాడు.

"పై మెట్టా?"

మూలుగుతూ నా చేయి గట్టిగా పట్టుకున్నాడు.

"ఈ పొద్దు శుక్రవారం, జుమ్మా నమాజు," అన్నాడు పక్కాయన. "ఇమాం కొత్తది ఎక్కేది ఈ పొద్దే."

మసీదుకు ఫోను లేదు. పేర్ణాంబట్టు బస్సెక్కాను. గుడియాత్తంలో పార్టీ ఊరేగింపు అడ్డం పడి బస్సు ఆగిపోయింది. జెండాల మధ్య నుంచి తోసుకుంటూ పరిగెత్తి ఒక షేర్ ఆటో పట్టుకున్నాను. "అన్నా, మనిషి ప్రాణమప్పా, యాడా ఆపొద్దు," అని ఏడ్చాను.

మసీదు గేటు దగ్గర నిలబడి, "మింబర్ ఎక్కొద్దని చెప్పండయ్యా! పై పలక బిగించలేదు!" అని అరిచాను. గుమ్మం దగ్గరున్న పెద్దాయన లోపలికి పరిగెత్తాడు. అప్పటికే ఇమాం మొదటి మెట్టు మీద కాలు పెట్టారట. ఆయన్ను దింపి, నేల మీదే నిలబడి ప్రసంగించమన్నారు.

"పలక చేత్తో ఎత్తితే లేచొచ్చినాదమ్మా," అన్నాడు పెద్దాయన బయటికొచ్చి. నేను గోడకు చేరగిలబడ్డాను.

సాయంత్రానికి తిరిగి వస్తే నాయనకు స్పృహ లేదు. "ఎవురికీ ఏం కాలేదు నాయనా," అని చెవిలో చెప్పాను. మళ్లీ మళ్లీ చెప్పాను. వేళ్లు కూడా కదల్లేదు. ఆయన కళ్లు తెరవకుండానే పోయాడు. ఆ భయాన్ని మోసుకునే పోయాడేమోనన్న బాధ ఇన్నేళ్లయినా నన్ను వదల్లేదు.