మేడమ్ గారు కలిపిన లింకు

ముసురు పట్టింది. గోదావరి ఎర్రగా కాజ్‌వే మీదకు ఎక్కింది. లంక ఊళ్ల నుంచి మా డయాలసిస్ సెంటరుకు రావలసిన రోగులను పడవల మీద దాటించాలి. ఏ రేవులో ఎవరు ఎక్కుతారో జాబితా తీయడం పొద్దున్నే నా పని. ఆ రోజు జాబితాకు బదులు అనుమతి లేదని ఎర్ర అక్షరాలు వచ్చాయి. మా కంప్యూటర్ మేడమ్ గారికి ఫోన్ చేశాను. వాళ్లాయన ఎత్తారు.

"ఇందాకే పోయిందమ్మా. టీ వడకడుతూ పడిపోయింది. డాక్టరు చూసి వెళ్లేరు" అన్నారు.

ఫోన్ పెట్టేశాను. ముందురోజు సాయంత్రం ఆవిడా నేనూ ఒకే గొడుగులో బస్టాండు దాకా నడిచాం. చేపల ధర గురించి మాట్లాడుకున్నాం.

మేడమ్ గారిది కొత్తపేట. తండ్రి మిషన్ బడిలో మాస్టారు. ఆవిడ కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పి, తర్వాత మా దగ్గరకు వచ్చారు. ఎవరికి ఏ రోజు డయాలసిస్ వంతు అన్నది మా సెంటరు డేటాబేస్‌లో ఉండేది. వరద రోజుల్లో రోగి ఏ ఊళ్లో, ఎవరింట్లో ఉన్నారన్నది ఆశా కార్యకర్తలు ఫోన్‌లోనే క్లౌడ్‌లోని షీటులో రాసేవారు. మేం రోజూ ఆ షీటును కాపీ చేసి డేటాబేస్‌లోకి ఎక్కించేవాళ్లం. ఒకసారి ముందురోజు కాపీ చూసి ఒక పెద్దాయన కోసం పడవ పంపాం. ఆ పెద్దాయన అప్పటికే మెరక మీదున్న కూతురి ఇంటికి మారాడు. పడవ ఖాళీగా తిరిగొచ్చింది. ఆయన మర్నాడు వచ్చేసరికి ఒళ్లంతా వాచి, ఊపిరి ఆడడం లేదు. ఎలాగో దక్కాడు.

ఆ వారమే మేడమ్ గారు కాపీలు మానిపించారు. షీటు క్లౌడ్‌లోనే ఉంటుంది. డేటాబేస్‌లో మాత్రం అది కూడా ఒక టేబుల్‌లా కనిపిస్తుంది. మనం అడిగినప్పుడల్లా డేటాబేసే వెళ్లి, ఆ క్షణాన షీటులో ఏముందో చదివి, మన వంతులతో కలిపి చూపిస్తుంది.

"ఉన్నచోటే చదవాలమ్మా. మోసుకొచ్చేలోపు మారిపోద్ది" అనేవారు.

ఓ శ్రావణమాసంలో జాబితా అంతా తలకిందులైంది. చూస్తే, ఒక ఆశా కార్యకర్త షీటు పైన కొత్త వరస చేర్చి 'శ్రీరామ' అని రాసింది. డేటాబేస్ దాన్నే పేరు, ఊరు అనే శీర్షికల వరస అనుకుంది. తీసెయ్యమని చెబితే ఆవిడకు కోపం వచ్చింది. శ్రీకారం లేకుండా జబ్బు మనుషుల పేర్లు ఎలా రాస్తామని అడిగింది. మర్నాడు పక్క ఊరి కార్యకర్త, మరి మా ప్రభువుకో అంటూ దాని కింద 'ప్రభువుకు స్తోత్రం' అని ఇంకో వరస చేర్చింది. నాకు ఒళ్లు మండింది. మేడమ్ గారు నవ్వి, మూడో వరస నుంచి చదవమని డేటాబేస్‌కు చెప్పారు.

"ఇంకెవరైనా మాకూ కావాలంటేనండీ?" అన్నాను.

"నాలుగో వరస నుంచి మొదలెడదాం. మనదేం పోద్ది?"

ఒక్క పని మాత్రం ఆవిడ వాయిదా వేస్తూ వచ్చారు. ఆ షీటు చదివే అనుమతి ఆవిడ సొంత అకౌంటు మీద ఉంది. అప్పుడప్పుడు గడువు తీరేది. తిరిగి ఇవ్వాలంటే ఆవిడ ఫోనుకు ఒక ఓటీపీ నంబరు వచ్చేది; అది ఇక్కడ కొట్టాలి. ఆ అనుమతిని సెంటరు పేరు మీదకు మార్చాలని ఇద్దరం అనుకున్నాం. ఈ వరదలు తగ్గనివ్వమ్మా అన్నారు.

ఆ పొద్దున తీరింది ఆ గడువే.

షీటు మా ఫోన్లలో కనిపిస్తూనే ఉంది. వంతులతో చేత్తో కలిపి చూసేసరికి మధ్యాహ్నం దాటుతుంది. పడవ సరంగు గుమ్మంలో నిలబడి, నీరు పెరుగుతోందని, ఆలస్యమైతే అవతలి రేవులకు పోలేమని చెప్పాడు. చావింటికి ఫోన్ చేసి నంబరు అడగాలి. తెర మీద అనుమతి మళ్లీ అడిగే బటన్ నొక్కాను. తర్వాత ఫోన్ చేశాను.

మళ్లీ ఆయనే ఎత్తారు. విషయం చెప్పాను. ఉండమ్మా అన్నారు. వెనక ఆడవాళ్ల ఏడుపు వినబడుతోంది. ఎవరినో కళ్లద్దాలు అడిగారు. నంబరు ఒక్కో అంకె చదివారు. నేను కొట్టాను.

"వచ్చిందా?"

"ఆయ్. వచ్చిందండీ."

"సరే అయితే. పడవలు పంపించెయ్యండి."

మొదటి పడవ ఎనిమిదింటికి కదిలింది. రెండోది ఆ వెనకే వెళ్లింది. జాబితాలో ఉన్నవాళ్లందరూ వచ్చారు. మేడమ్ గారిని సాయంత్రం నాలుగింటికి సమాధుల తోటకు తీసుకెళ్లారు. అప్పటికి రెండో విడత రోగులు మెషీన్ల మీద ఉన్నారు.